స్నో టైర్లకు పూజ

నోవై, మిషిగన్
డిసెంబరు, శనివారం మధ్యాహ్నం

ఫణికి,

ఇక్కడ నేనూ, కిటికీ పక్కన కుండీలో తులసీ క్షేమం. కారు కూడా క్షేమమే గానీ దాని సంగతి ఒక్క వాక్యంలో తేలేది కాదు, కింద రాస్తాను. అక్కడ నువ్వు సగం చేతుల చొక్కాతో ఎండలో కాఫీ తాగుతూ క్షేమంగా ఉన్నావని నువ్వు పంపే ఫొటోలే చెబుతున్నాయి. ఇకమీదట ఆ ఫొటోలు పంపకు. పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకుతుంటే జేబులో ఫోన్ మోగుతుంది. గ్లవ్స్ పళ్ళతో లాగి, వేళ్ళు కొంకర్లు పోతుండగా తెరిచి చూస్తే, నీ ఆఫీసు ముందు పూసిన బోగన్‌విలియా. దీన్ని ప్రేమ అనుకోవాలో కక్ష అనుకోవాలో అర్థం కావడం లేదు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోన్లో పోట్లాడుకున్న సంగతిని మళ్ళీ ఫోన్లో ఎత్తకూడదు, కాగితం మీదే తేల్చుకోవాలి అని పెళ్ళయిన కొత్తలో మనం పెట్టుకున్న రూలు ఎంత మంచిదో ఈసారి బాగా తెలిసింది. ఫోన్లో అయితే నేను ఒక మాట మొదలుపెట్టి పూర్తి చేసేలోపు నువ్వు దానికి మూడు పరిష్కారాలు చెప్పేస్తావు. కాగితం మీద నువ్వు నాకు అడ్డు రాలేవు. మధ్యలో మడిచిపెట్టి వెళ్ళిపోకుండా చివరిదాకా చదువు, అంతే.

నువ్వడిగినవి మూడు. నెలరోజుల్లో వచ్చేసేదానికి స్నో టైర్లెందుకు అని ఒకటి. ఇరవయ్యో తారీకున రెండు బెడ్‌రూముల ఇంటికి లీజు సంతకం పెడుతున్నావు కాబట్టి, బాల్కనీ తూర్పువైపుది కావాలా పడమటివైపుదా అని ఇంకొకటి. రాజీనామా సంగతి మేనేజరుకి చెప్పానా లేదా అన్నది మూడోది. అడిగిన వరసలోనే చెబుతాను, నన్ను తొందరపెట్టకు.

ముందు టైర్లు. ఆల్-సీజన్ అంటే అన్ని కాలాలకీ అనే కదా అర్థం అని రాశావు. ఆ పేరు పెట్టినవాడు తప్పకుండా మీ శాంటా క్లారాలో కూర్చునే పెట్టి ఉంటాడు. చలి ఒక హద్దు దాటిందంటే ఆ టైర్ల రబ్బరు బిగుసుకుపోయి ప్లాస్టిక్ బకెట్ అడుగులా తయారవుతుంది. దానికి తోడు నీ సలహా ఒకటి: "మేం తాహో వెళ్ళినప్పుడు టైర్లకి గొలుసులు కట్టుకున్నాం, నువ్వూ కట్టుకో." కొండ మీద కాసేపు తిరిగి ఫొటోలు దిగి వచ్చేవాళ్ళకి అవి సరిపోతాయి. ఇక్కడ పొద్దున మంచు, మధ్యాహ్నం ఉప్పు కలిసిన బురద, సాయంత్రానికి మళ్ళీ అద్దం. గొలుసులు కట్టుకుని నేను ఆఫీసుకి వెళ్తే దారిపొడుగునా పెళ్ళివారి బ్యాండు వెళ్తున్నట్టు జనం తలుపులు తీసి చూస్తారు.

ఒక సంగతి అప్పుడు నీకు చెప్పలేదు. నవంబరులో మొదటి మంచు పడినరోజు నేను ఇంటికి ఆలస్యంగా వచ్చాను, ఫోన్ చేస్తే ట్రాఫిక్ అన్నాను, గుర్తుందా? ట్రాఫిక్ కాదు. నోవై రోడ్డు మీద ఎర్రలైటు దగ్గర బ్రేకు వేశాను. కారు ఆగలేదు. వేగమేమీ లేదు, ఫణీ. ఎవరో మెల్లగా చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయినట్టు, లైటు కిందనుంచి నాలుగు రోడ్ల మధ్యలోకి తీసుకెళ్ళి అడ్డంగా నిలబెట్టింది. అటూ ఇటూ వాళ్ళు ఆగి ఉండబట్టి సరిపోయింది. పాదం కింద ఏబీఎస్, బ్రేకుని పట్టి వదులుతూ, టకటకమని కొట్టుకుంటూనే ఉంది. ఆఫీసులో మూడేళ్ళనుంచి నేను రాస్తున్నది దాని కోడే. అది తన పని తాను ఎంత బుద్ధిగా చేస్తోందో నాకు పాదంలో తెలుస్తోంది. కానీ కింద పట్టు దొరకనప్పుడు అదేం చేస్తుంది? ఆ రోజు నీకు చెబితే, "చూశావా, అందుకే వచ్చెయ్యమంటున్నాను" అంటావని చెప్పలేదు.

సరే, స్నో టైర్లు కొనాలి. కొనడం అన్నాక ధరలు. అసలు నాకు ఒళ్ళు మండేది ఇక్కడే, ఇందులో నీ వాటా కూడా ఉంది. ఈ కారు కొన్న రోజున పక్కనే ఇదే కారు చిన్న చక్రాలతో, తక్కువ ధరకి ఉంది. నువ్వు వినలేదు. "చక్రాలు చూడు ప్రణీ, కారుకే కళ వచ్చింది!" అన్నావు. కొన్న మూడు నెలలకి నీకు శాంటా క్లారాలో ఉద్యోగం వచ్చింది, నువ్వు వెళ్ళిపోయావు. కళ నాకు మిగిలింది. ఆ పందొమ్మిది అంగుళాల చక్రాలకి స్నో టైరు కావాలంటే ఒక్కొక్కటి మూడువందల డాలర్ల పైమాటే. నాలుగు కొనాలి. రెండు కొంటే ముందు భాగం ఆగుతుంది, వెనక భాగం నిన్ను దాటి ముందుకొస్తుంది.

టైర్లొక్కటేనా? అద్దానికి కొట్టే నీలం నీళ్ళు గడ్డకడుతున్నాయని నారింజరంగువి కొనమన్నారు, రంగు మారినందుకు దాదాపు రెట్టింపు ధర. బ్యాటరీ ఒక పొద్దున ప్రాణం విడిచింది. రోడ్డు ఉప్పు కారు కిందిభాగాన్ని తినేస్తుందట, కడిగించుకోవడానికి నెలవారీ ప్లాను. అన్నిటికన్నా అన్యాయం ఇంకొకటుంది: ఇంట్లోంచి ఫోన్ నొక్కి కారు స్టార్ట్ చేసుకునే సదుపాయం ఉచితంగా ఇచ్చిన గడువు సరిగ్గా డిసెంబరు ఒకటిన ముగిసింది. నా కారుని నేను స్టార్ట్ చేసుకోవడానికి నెలనెలా చందా కట్టాలి. ఆగస్టులో ముగియొచ్చు కదా? ముగియదు. బండి తయారుచేసేవాళ్ళ మధ్యే పని చేస్తున్నాను కాబట్టి ఆ తారీకు ఎవరో మీటింగులో కూర్చుని ఆలోచించి పెట్టిందేనని నాకు తెలుసు.

ఇన్ని చూశాక, తెలివిగా ఉందామని మన తెలుగువాళ్ళ గ్రూపులో వెతికాను. అక్కడ ఎప్పుడు చూసినా మూవింగ్ సేల్ అనే పోస్టులే. ఈ ఊరు మనవాళ్ళకి ఊరులా ఉండదు, వెయిటింగ్ రూములా ఉంటుంది. దేవ్ అని ఒకబ్బాయి డాలస్ వెళ్ళిపోతూ సోఫా, కుక్కరు, మంచు పార, స్నో టైర్లు నాలుగూ పెట్టాడు. మన సైజే! ధర కూడా మూడోవంతు. ఆదివారం వెళ్ళాను.

"ఒక్క సీజనే వాడినం అక్కా. మంచిగున్నయ్, కొత్తయే అనుకోరాదు," అన్నాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ లైటు వేసి చూశాను. టైరు పక్కభాగంలో చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, అది ఏ సంవత్సరంలో ఏ వారంలో తయారైందో చెప్పేవి.

"దేవ్, ఇవి పుట్టి పదకొండేళ్ళయింది."

"లేదక్కా, మేం నిరుడే కొన్నం!"

"ఎక్కడ కొన్నారు?"

అతను కాసేపు తల గోక్కున్నాడు. "గ్రూపులనే అక్కా."

లోపల గిన్నెలు పేపర్లో చుడుతున్న అతని భార్య సాన్వి అక్కడినుంచే అంది: "నేనప్పుడే చెప్పిన, వాటికి బొట్లున్నయ్, ఎవరివో పాతవని. ఇన్నడా? చౌకగొచ్చినయ్ చౌకగొచ్చినయ్ అన్కుంట మోస్కొచ్చిండు."

దగ్గరగా చూస్తే నిజమే. పసుపు మీద పసుపు, కుంకుమ మీద కుంకుమ, గీతల సందుల్లో అట్టకట్టి ఉంది. ఆ నాలుగు టైర్లూ ఈ ఊళ్ళో ఎన్ని తెలుగు కుటుంబాల చేతులు మారాయో. కొన్న ప్రతివాళ్ళూ కొత్తవే అనుకుని శ్రద్ధగా పూజ చేయించారు, ఒకటి రెండు చలికాలాలు గడిపి టెక్సాస్ వెళ్తూ ఇంకొకరికి అంటగట్టారు. ఒక్కరూ ఆ నాలుగంకెలు చూడలేదు. నాకు నవ్వు ఆగలేదు. సాన్వి కూడా బయటికొచ్చి నవ్వడం మొదలుపెట్టింది. దేవ్ మాత్రం చాలా గంభీరంగా, "పోనీ కుక్కరు తీసుకుంటరా అక్కా?" అన్నాడు. టీ తాగి, మంచు పార కొనుక్కుని వచ్చేశాను.

ఆ తర్వాత షాపుకే వెళ్ళాను. కౌంటర్లో డగ్ అనే అతను, నలభై ఏళ్ళుంటాయి, ఏ ధర గురించి మూతి విరిచినా ఒకటే జవాబు: "టారిఫ్‌లు, మేడమ్." టైరుకి టారిఫ్, వాల్వుకి టారిఫ్, ఆఖరికి బిగింపు కూలికి కూడా టారిఫ్ అన్నాడు. "బిగించేవాడు కూడా దిగుమతేనా?" అంటే నవ్వాడు గానీ తగ్గించలేదు. అప్పుడు ఇంకో రకం చూపించాడు: చిన్న ఇనప చక్రాలు, వాటికి ముందే బిగించి ఉన్న స్నో టైర్లు, సెట్టుగా. పెద్ద చక్రాలకి ఒట్టి టైర్లు కొన్నదానికన్నా కాస్తే ఎక్కువ.

"ఎన్ని చలికాలాలు వాడతారు మీరు?" అని అడిగాడు. "ఈ ఒక్కదానికే అయితే ఉన్న చక్రాలకే టైర్లు మార్చుకోండి. ఇక్కడే ఉండేవాళ్ళైతే మాత్రం సెట్టు తీసుకోండి, ప్రతి ఏడూ ఊడదీసి ఎక్కించే కూలి మిగులుతుంది."

అతనికి ఎక్కువ అమ్ముకోవాలని ఉంది, అంతే. నేను సెట్టే తీసుకున్నాను.

గురువారం బిగించారు. నీ వెండిరంగు చక్రాలు ఊడదీసి, "వీటిని దాచాలంటే సీజనుకి ఇంత అద్దె," అన్నాడు డగ్. టైర్లకి అద్దె నేను కట్టనని వెనకసీట్లో వేయించుకుని ఇంటికి తెచ్చి, ఒక్కొక్కటీ మెట్లమీదుగా పైకి దొర్లించాను. కింది ఫ్లాటావిడ తలుపు తీసి చూసి, ఏమీ అడగకుండా మళ్ళీ వేసుకుంది. ఇంట్లో ఎక్కడ పెట్టానో చివర్లో చెబుతాను.

బాల్కనీ గురించి. తూర్పైనా పడమరైనా నాకొకటే, ఎందుకంటే... ఉండు. దీనికి ముందు ఇవాళ పొద్దున జరిగింది చెప్పాలి. అది చెప్పకుండా బాల్కనీకి జవాబు రాదు.

అత్తయ్యకి టైర్లు మార్చానని మాటవరసకి చెప్పాను. అది నా తప్పే. బ్యాంకులో మూడొందలమందికి లోన్లు మంజూరు చేసిన మనిషి, కాగితం సరిగా లేకపోతే మంత్రి బావమరిదినైనా వెనక్కి పంపే మనిషి, టైర్లనేసరికి వేరే మనిషైపోయారు. "బండికి కాళ్ళు మార్చి పూజ లేకుండా రోడ్డెక్కిస్తావా ప్రణీతా? శనివారం గుడికి తీసుకెళ్ళు. నేను వీడియోలో ఉంటాను." చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు మర్చిపోవద్దని మూడుసార్లు చెప్పారు. మర్చిపోతానేమోనన్న భయంతో నిన్న సాయంత్రమే కొబ్బరికాయ, నిమ్మకాయలు కొని కారు డిక్కీలో పెట్టేశాను. రాత్రంతా అవి అక్కడే ఉన్నాయి. బయట మైనస్ పన్నెండు.

పొద్దున గుడి పార్కింగ్ లాటులో పంతులుగారు పట్టుపంచె మీద మోకాళ్ళదాకా నల్ల చలికోటు వేసుకుని, మంచుబూట్లతో దిగారు. ఫోన్ కారు లోపల, ముందు అద్దం దగ్గర స్టాండుకి తగిలించి ఉంది. అందులో అత్తయ్య, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. పంతులుగారు గబగబా మంత్రం చదివారు, నోట్లోంచి ఆవిరి వస్తోంది, ధూపం వెయ్యనక్కరలేకపోయింది. కొబ్బరికాయ కొడితే లోపలినుంచి నీళ్ళకి బదులు ఐసుపలక జారిపడింది. ఆయన దాన్ని కాసేపు చూసి, "తీర్థమే లెండి," అని పక్కన పెట్టారు. చక్రానికొకటి చొప్పున నిమ్మకాయలు పెట్టారు.

"ముందుకి పోనివ్వండమ్మా, మెల్లగా."

పోనిచ్చాను. నిమ్మకాయలు చితికితే కదా! నాలుగూ రాళ్ళలా గడ్డకట్టి ఉన్నాయి. కారు వాటిమీదకి ఎక్కింది, దిగింది. మూడు మంచులోకి దిగబడిపోయాయి. వెనక కుడివైపుది మాత్రం టైరు కిందనుంచి గోలీలా ఎగిరి, పక్క వరసలో నిలబెట్టి ఉన్న ఒక కొత్త ఎలక్ట్రిక్ కారు తలుపుకి టంగుమని తగిలింది. ఆ కారులో మనిషున్నారు. వేడి సీటు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్న రాఘవులుగారు. గుడి కమిటీలో ఉంటారు, వాళ్ళావిడ సుమతి ఆంటీ నిరుడు మనకి గోంగూర పచ్చడి ఇచ్చింది, గుర్తుందా, ఆయన.

"ఎవరమ్మా రాయి విసిరింది?" అంటూ దిగారు.

"రాయి కాదండీ, నిమ్మకాయ," అన్నాను అద్దం దించి.

"పూజలోదే సార్. దోషం లేదు," అన్నారు పంతులుగారు వెంటనే.

"దోషం లేదు స్వామీ. సొట్ట ఉంది."

ఉంది. సరిగ్గా నిమ్మకాయంత. నేను దిగి, బాగు చేయిస్తానని చెప్పి, సారీ చెప్పి, మళ్ళీ సారీ చెప్పాను. ఆయన చేత్తో సొట్ట తడిమి, పూజలో నిమ్మకాయని తిడితే ఏమవుతుందోనన్నట్టు ఒకసారి గుడివైపు చూసి, మాట మార్చారు. నా కారు చుట్టూ తిరిగి చూశారు.

"స్నో టైర్లా! విడిగా చక్రాలతో సహా కొన్నారే? మీరు జనవరిలో మీవారి దగ్గరికి వెళ్ళిపోతున్నారని సుమతి చెప్పింది. వెళ్ళేవాళ్ళకి ఇంత ఖర్చు దేనికమ్మా?"

ఏదో ఒక అబద్ధం చెప్పి ఉండొచ్చు. అమ్మేటప్పుడు మంచి ధర వస్తుందని చెప్పినా నమ్మేవారు. కానీ చలికి పెదవులు మొద్దుబారి ఉన్నాయి, ఆయన సొట్ట వల్ల తల వంచుకుని ఉన్నాను, పొడుగు మాటలు కల్పించే ఓపిక లేదు.

"వెళ్ళడం లేదండీ. రెండు చలికాలాలు ఇక్కడే ఉంటున్నాను," అన్నాను.

కారు తలుపు తెరిచే ఉంది. లోపలినుంచి, "ప్రణీతా," అన్నారు అత్తయ్య.

నేను లోపల కూర్చుని తలుపు వేసుకున్నాను. రాఘవులుగారు మర్యాదగా అటు తిరిగారు. తెరమీద అత్తయ్య రెప్ప వెయ్యకుండా చూస్తుంటే, బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నాను.

"నాలుగూ తొక్కావా?" అన్నారు చివరికి.

"మూడు, అత్తయ్యా. నాలుగోది ఎగిరిపోయింది."

"ఊఁ. ఫణికి తెలుసా?"

"తెలీదు."

"వాడు నన్ను కర్టెన్ల రంగు అడుగుతున్నాడు, నిన్న కూడా మెసేజ్ పెట్టాడు." ఆ మాట అక్కడితో వదిలేశారు. "మీ మామయ్య గుంటూరులో, నేను కావలి బ్రాంచిలో. మూడేళ్ళు ఆదివారాలే కాపురం మాది. చెడిపోలేదు. బాగుందని కూడా నేను చెప్పను. కానీ ఆ ప్రమోషన్ తీసుకుంటున్నానని ఆయనకి నేనే చెప్పాను. కూర్చోబెట్టి, అన్నం పెట్టి చెప్పాను. పార్కింగులో ఎవరికో చెబుతుంటే ఆయన చెవిన పడలేదు."

నేను గ్లవ్స్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"రేపటి ఫోన్లో నేనేమీ అనను. పై ఆదివారం వాడు మళ్ళీ చేస్తాడు. ఆలోపు వాడికి నీ నోటివెంటే తెలియాలి. లేకపోతే నేను చెప్తాను. నేను చెబితే ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా?"

తెలుసు. ఆవిడ లోను తిరస్కరించినట్టు చెబుతారు, రెండు వాక్యాల్లో, కారణాలతో. అందుకే గుడినుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. అదొక ఖర్చు.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. మేనేజరుతో మాట్లాడాను, ఫణీ. రాజీనామా గురించి కాదు. నవంబరులో, థాంక్స్‌గివింగ్ సెలవులకి ముందే, చలికాలం పరీక్షల టీముని నడపమని ఆవిడ నన్నడిగింది. ఉత్తరాన గడ్డకట్టిన సరస్సు మీద ట్రాక్ ఉంటుంది, జనవరినుంచి మార్చిదాకా వారానికి నాలుగు రోజులు అక్కడే. ఈ చలికాలమూ, వచ్చే చలికాలమూ. "ఇంట్లో మాట్లాడి చెబుతాను" అనాలి నేను. అది నాకు తెలుసు, ఆ వాక్యం నోటిదాకా వచ్చింది కూడా. కానీ నా నోట్లోంచి వచ్చింది "చేస్తాను" అన్న ఒక్క మాట. అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. ఆ రోజునుంచి నీతో ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ ఇల్లు, బాల్కనీ, కర్టెన్లు నువ్వు చెబుతుంటే ఊఁ కొట్టాను. ఊఁ కొట్టడం కూడా అబద్ధమే.

ఎందుకన్నానో చెబుతాను, పరిష్కారాలు చెప్పకుండా విను. మూడేళ్ళనుంచి నేను ఈ కోడ్ రాస్తున్నాను. మంచు మీద అది ఎలా ఉంటుందో గ్రాఫుల్లో చూడటమే తప్ప, ఆ రోజు నోవై రోడ్డు మీద జారేదాకా దాన్ని నా పాదంతో ఎప్పుడూ ఎరగను. ఎంత భయం వేసిందో, లోపల ఎక్కడో అంత ఆసక్తి కూడా కలిగింది. కారు అడ్డంగా నిలబడి ఉంటే, హారన్లు మోగుతుంటే, నేను ఆలోచిస్తున్నది ఆ టకటకల మధ్య ఖాళీ గురించి. దాన్ని ఇంకా బాగా చేయొచ్చని నాకు తెలుసు. అక్కడికొస్తే నీ భార్యగా వచ్చే హెచ్-ఫోర్ వీసా మీద కూర్చుని పని చేసుకునే అనుమతి కోసం ఎదురుచూడాలి. వస్తుందిలే అంటావు నువ్వు. వస్తుంది. వచ్చేదాకా ఆ బాల్కనీలో ఎండలో కూర్చుని రేపు టిఫిన్ ఏం చేయాలా అని ఆలోచిస్తే నాకెలా ఉంటుందో నీకన్నా బాగా ఎవరికీ తెలియదు. ఖాళీగా ఉన్న వారంలోనే నేను ఇంట్లో ఫ్యాన్లన్నీ విప్పదీసినదాన్ని.

ఇంకొకటి. మూడేళ్ళనుంచి ఈ ఊళ్ళో నేను వెళ్ళిపోయే మనిషిలాగే బతుకుతున్నాను. పరుపు చౌకది కొన్నాను, లైబ్రరీ కార్డు తీసుకోలేదు, గోడకి మేకు కొట్టలేదు. దేవ్ ఇంట్లో ఆ టైర్ల మీద బొట్లు చూసి నవ్వి వచ్చానా, దారంతా ఆలోచిస్తూనే వచ్చాను. ఎవరూ వాటిని సరిగా చూడలేదు, ఎందుకంటే ఎవరూ ఉండదలుచుకోలేదు. నేను ఉన్నన్నాళ్ళు ఉండదలుచుకున్నాను.

నీకు కోపం వస్తుంది. రావాలి. "చేస్తాను" అన్నందుకు నేను సారీ చెప్పను. నీకు చెప్పకుండా అన్నందుకు, ఇన్నాళ్ళు ఊఁ కొట్టినందుకు మాత్రం చెబుతున్నాను. రాఘవులుగారి సొట్టకి చెప్పినట్టు కాదు, నిజంగా. రెండు చలికాలాల తర్వాత నువ్విటా, నేనటా, ఇద్దరం ఇంకెటైనానా అన్నది నేనొక్కదాన్నే తేల్చను, నువ్వొక్కడివీ తేల్చొద్దు. ప్రస్తుతానికి ఇరవయ్యో తారీకున ఆ లీజు మీద సంతకం పెట్టకు. బాల్కనీ తూర్పుకున్నా పడమరకున్నా ఖాళీ బెడ్‌రూముకి అద్దె దండగ.

క్రిస్మస్‌కి నేనొస్తానన్నాను. నేను కాదు, నువ్వు రా. అరవాల్సింది ఉంటే ఇక్కడికొచ్చి, ఎదురుగా కూర్చుని అరువు. ఈసారి రూలు పక్కన పెడదాం, నేను అడ్డు రాను. ముందు అన్నం పెడతాను, ఆ మాత్రం అత్తయ్య దగ్గర నేర్చుకున్నాను. సగం చేతుల చొక్కాతో దిగకు. ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను. చక్రాలు చూసి మొహం మాడ్చుకుంటావని తెలుసు, ఈ కొత్తవి నల్లగా, చిన్నగా, కారుకి రబ్బరు చెప్పులు తొడిగినట్టున్నాయి. కళ లేదు. కానీ నిన్న ఆఫీసునుంచి వస్తూ అదే ఎర్రలైటు దగ్గర, అదే మంచు మీద బ్రేకు వేశాను. ఆగింది.

నీ వెండిరంగు చక్రాలు ఎక్కడ పెట్టానో చెబుతానన్నాను కదా. బెడ్‌రూములో, మంచానికి నీ వైపు, ఒకదాని మీద ఒకటి పేర్చి, నీ పాత నీలం దుప్పటి కప్పాను. గదంతా రబ్బరు వాసన. తెల్లవారుజామున మెలకువ వస్తే చీకట్లో నీ వైపు ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది. ఈ ఇంటి బాల్కనీలో చోటుంది. మెట్లన్నీ ఎక్కించినదాన్ని, అక్కడిదాకా దొర్లించడం నా ఒక్కదాని వల్ల అవుతుంది.

దొర్లించలేదు.

ఇట్లు,
నీ మీదా, ఈ మంచు మీదా విసుగు తీరని
నీ భార్య
ప్రణీత